బ్రూక్లిన్ బ్రిడ్జిలో నాసిరకం వైరు వేశారంట, మరి ఇన్నేళ్ళు ఎలా నిలబడింది?

ప్రశ్న మళ్ళీ ఒకసారి నా మాటల్లో చెప్తా, కింద చదివేవాళ్ళకి అర్థం అవ్వాలి కదా. మీరు న్యూయార్క్ చూడ్డానికి వచ్చి బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నడిచారు, గైడు మూడు ముక్కలు చెప్పాడు. కాంట్రాక్టరు దొంగ వైరు అంటగట్టాడని, కడుతున్నన్నాళ్ళూ చీఫ్ ఇంజనీరు మంచం దిగలేదని, అసలు కట్టింది ఆయన భార్య అని. ఇందులో నిజమెంత, వైరు నాసిరకం అయితే 140 ఏళ్ళు ఎలా ఆగింది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే వైరు మోసం నిజమే, ఆ వైరు ఈరోజుకీ కేబుళ్ళ లోపలే ఉంది, ఎవరూ తీయలేదు. చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ జబ్బుపడి ఇంట్లోంచే పని నడిపించిందీ నిజమే. భార్య కట్టిందనేది మాత్రం సగం నిజం, దాని సంగతి కింద చెప్తా. ఇక నిలబడటానికి కారణం ఏంటంటే, కేబుళ్ళని అవసరానికి 6 రెట్లు బలంగా డిజైన్ చేసుకున్నారు, మోసం బయటపడ్డాక కూర్చుని లెక్కేస్తే అది 5 రెట్ల దగ్గరికొచ్చి ఆగింది. అంతే, ఇందులో మహిమలేం లేవు.

నేను న్యూజెర్సీలో బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్ పనిలో ఉంటాను, సస్పెన్షన్ కేబుళ్ళు, అంటే బ్రిడ్జిని వేలాడదీసే లావు తాళ్ళు విప్పి లోపల వైర్లు ఎలా ఉన్నాయో చూసి లెక్కలు కట్టే పని, అందుకే మీ ప్రశ్న చూడగానే ఆగలేకపోయా. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందు వైరు సంగతి. ఈ బ్రిడ్జికి 4 పెద్ద కేబుళ్ళు, ఒక్కోటి 15.75 అంగుళాల మందం. దూరం నుంచి చూస్తే ఒకే ఇనప కడ్డీలా కనిపిస్తుంది గానీ లోపల 5,434 విడివిడి వైర్లు ఉంటాయి, మెలితిప్పి ఉండవు, పక్కపక్కనే సమాంతరంగా పడుకుని ఉంటాయి. వాటిని నేలమీద కట్టి పైకి లాగలేదు. ఒక చక్రం మీద వైరు వేసి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి టవర్ల మీదుగా పంపించి, మళ్ళీ వెనక్కి తెచ్చి, ఇలా గాల్లోనే నేసుకుంటూ పోయారు. 278 వైర్లు అయితే ఒక స్ట్రాండు, అలాంటివి 19 కలిపి ఒక కేబుల్. సస్పెన్షన్ బ్రిడ్జికి జింక్ పూత వేసిన స్టీలు వైరు వాడటం ఇక్కడే మొదలు, అంతకుముందు వాడినది ఇనప వైరు.

వైరు సప్లై కాంట్రాక్టు జె. లాయిడ్ హేగ్ అనే ఆయనకి వెళ్ళింది. ఇక్కడో తమాషా ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో వైరు తయారీలో పేరున్న కంపెనీ చీఫ్ ఇంజనీరు వాళ్ళ సొంత కుటుంబానిదే, ట్రెంటన్‌లో ఉండే రోబ్లింగ్ కంపెనీ. సొంతవాళ్ళకి కాంట్రాక్టు ఇస్తే తప్పు కదా అని బ్రిడ్జి కంపెనీ ట్రస్టీల్లో ఒకడైన ఏబ్రమ్ హెవిట్ 1876లో తీర్మానం పెట్టించాడు, ఇంజనీర్లకి వాటా ఉన్న కంపెనీలు టెండర్ వేయకూడదని. వినడానికి ఎంత న్యాయంగా ఉంది చూడండి. చివరికి టెండర్ దక్కిన హేగ్ ఫ్యాక్టరీ మీద ఈ హెవిట్‌కే తాకట్టు ఉందని తర్వాత బయటపడింది. టెండర్ల వ్యవహారం ఎక్కడైనా టెండర్ల వ్యవహారమే.

మోసం చేసిన పద్ధతి మాత్రం సింపుల్. స్పెసిఫికేషన్ ప్రకారం ఒక్కో వైరు 3,400 పౌండ్లు, అంటే 1,500 కిలోల పైన బరువు లాగాలి, అప్పటిదాకా తెగకూడదు. ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వెళ్ళి టెస్ట్ చేసి, బాగున్న చుట్టలకి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. బండి బయల్దేరేది. దారిలో ఇంకో బిల్డింగు దగ్గర ఆపి మంచి చుట్టలు దించేసి, ఫెయిలైన చుట్టలు ఎక్కించి, అదే సర్టిఫికెట్‌తో బ్రిడ్జికి పంపేవాళ్ళు. దించిన మంచి వైరు మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళి, మర్నాడు మళ్ళీ టెస్ట్‌లో పాసయ్యేది! 1878 వేసవిలో అనుమానం వచ్చి కాపు కాసి పట్టుకునేసరికి జరగాల్సింది జరిగిపోయింది. దాదాపు 221 టన్నుల చెత్త వైరు కేబుళ్ళలోకి ఎక్కేసిందని చీఫ్ ఇంజనీరు అంచనా వేశాడు.

తీసేయొచ్చు కదా అంటారు. కుదరదండీ. వైర్లు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోయిన స్ట్రాండులో ఏది మంచిదో ఏది చెడ్డదో పైకి తెలీదు, తీయాలంటే మొత్తం నేసింది విప్పాలి. అందుకని హేగ్ ఖర్చుతోనే ఒక్కో కేబుల్‌కి దాదాపు 150 చొప్పున మంచి వైర్లు అదనంగా వేయించారు. పైన 19 స్ట్రాండులు ఇంటూ 278 వేసి చూడండి, 5,282 వస్తుంది, నేను చెప్పిన 5,434తో తేడా ఎందుకొచ్చిందో అర్థమైపోతుంది. హేగ్ తర్వాత వేరే ఫోర్జరీ వ్యవహారంలో ఇరుక్కుని సింగ్ సింగ్ జైలుకి వెళ్ళాడు, బ్రిడ్జి వైరు కేసులో కాదు.

ఇక్కడ నా అనుభవం కాస్త చెప్తా. కేబుల్ ఇన్‌స్పెక్షన్ అంటే పైన చుట్టిన సన్నటి చుట్టు వైరు కోసి తీసేస్తాం, కింద పాతకాలం ఎర్ర సీసపు పేస్టు గట్టిపడి పెచ్చులుగా ఊడొస్తుంది. తర్వాత కేబుల్ చుట్టూ కొన్ని చోట్ల మేకుల్లాంటి చెక్కలు సుత్తితో దిగ్గొడితే వైర్లు విచ్చుకుని మధ్యదాకా సందు కనిపిస్తుంది. టార్చి వేసి ఒక్కో వరసా చూస్తూ మార్కులు వేస్తాం, జింకు మెరుపు ఉంటే 1, తెల్లటి బూజులా జింకు తుప్పు పడితే 2, ఎర్ర తుప్పు మచ్చలు మొదలైతే 3, వైరు పొడుగునా ఎర్రగా తుప్పు పట్టేస్తే 4. నేను చూసిన ఒక పాత బ్రిడ్జిలో (పేరు వద్దులెండి, బ్రూక్లిన్ మాత్రం కాదు) కేబుల్ బాగా కిందికి వాలే చోట అడుగు భాగంలో నాలుగో నంబరు వైర్లు గుత్తులుగా ఉన్నాయి, తెగిన కొసలు కూడా కనిపించాయి. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె ఆగుతుంది. కానీ వైరు తెగితే దాని బరువు పక్క వైర్లు తీసుకుంటాయి, అంతేకాదు, కేబుల్‌ని బిగించే బ్యాండ్లు కొన్ని దాటేసరికి ఆ రాపిడికి తెగిన వైరు కూడా మళ్ళీ బరువు మోయడం మొదలుపెడుతుంది. అందుకే ఈ రకం కేబుల్ ఒకేసారి ఫట్‌మని పోదు, ముందే చాలాకాలం మూలుగుతుంది, వినేవాడు ఉండాలి అంతే. హేగ్ వైరు కూడా పూర్తిగా పనికిరానిదేం కాదు, స్పెసిఫికేషన్‌కి తగ్గ బలం లేనిది. అది కూడా తన వంతు మోస్తూనే ఉంది.

మరి 6 రెట్లు ఎందుకు పెట్టుకున్నారు? దీనికి చీఫ్ ఇంజనీరు తండ్రి దగ్గరికి వెళ్ళాలి. డిజైన్ చేసింది జాన్ రోబ్లింగ్, 1806లో జర్మనీలో ముల్‌హౌసెన్‌లో పుట్టి అమెరికా వలస వచ్చినవాడు. నయాగరా మీద రైలు వెళ్ళే సస్పెన్షన్ బ్రిడ్జి 1855లో పూర్తి చేశాడు, తర్వాత ఓహియో నది మీద సిన్సినాటి, కవింగ్టన్ ఊళ్ళని కలిపే బ్రిడ్జి కట్టాడు. ఆ రోజుల్లో సస్పెన్షన్ బ్రిడ్జి అంటే జనానికి భయం, 1854లో వీలింగ్‌లో ఒకటి గాలికి మెలికలు తిరిగి నదిలో పడిపోయింది. గాలి బ్రిడ్జిని ఎలా ఊపుతుందో అప్పటికి శాస్త్రం లేదు, 1940లో టకోమా బ్రిడ్జి కూలిన తర్వాతే దాన్ని సీరియస్‌గా చదవడం మొదలుపెట్టారు. తనకి తెలీని భాగం ఉందని రోబ్లింగ్‌కి తెలుసు, అదీ ఆయన గొప్ప. అందుకే కేబుళ్ళు చాలవన్నట్టు టవర్ నుంచి ఏటవాలుగా దిగే తాళ్ళు, వీటినే స్టేలు అంటారు, పెట్టాడు, కింద రోడ్డు ఊగకుండా ఉక్కు ట్రస్సులు, అంటే అడ్డకడ్డీలతో అల్లిన చట్రాలు పెట్టాడు. మన హైదరాబాద్ దుర్గం చెరువు బ్రిడ్జిలో టవర్ నుంచి నేరుగా రోడ్డుకి తాళ్ళు దిగుతాయి చూడండి, ఆ పద్ధతీ ఈ వేలాడే కేబుల్ పద్ధతీ రెండూ కలిపి ఒకే బ్రిడ్జిలో వాడాడన్నమాట. మెయిన్ కేబుళ్ళు పోయినా మధ్యలో కుంగుతుందే తప్ప కూలదు అనేది ఆయన ధీమా. అంటే ఆ 6 రెట్ల మార్జిన్ బండ్ల బరువు కోసం మాత్రమే కాదు, తెలీని గాలి కోసం, పనివాడి తప్పు కోసం, కాంట్రాక్టరు దొంగబుద్ధి కోసం కూడా. హేగ్ లాంటివాడు ఎవడో ఒకడు వస్తాడని ఆయన ఊహించి పెట్టాడని నేననను, కానీ పనికొచ్చింది మాత్రం అందుకే.

అసలీ బ్రిడ్జి ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పలేదు కదూ. అప్పట్లో బ్రూక్లిన్ న్యూయార్క్‌లో భాగం కాదు, వేరే ఊరు, సొంత మేయరు, 1880 జనాభా లెక్కల్లో అమెరికా మొత్తంలో మూడో పెద్ద సిటీ. మధ్యలో ఈస్ట్ రివర్, దాటాలంటే ఫెర్రీయే దిక్కు. 1866-67 చలికాలంలో నది గడ్డకట్టి పడవలు ఆగిపోయేసరికి జనం గోల పెట్టారు, 1867లో బ్రిడ్జి కంపెనీకి రాష్ట్ర అసెంబ్లీ పర్మిషన్ ఇచ్చింది. ఖర్చులో మూడింట రెండు వంతులు బ్రూక్లిన్‌ది, ఒక వంతు న్యూయార్క్‌ది. న్యూయార్క్ వైపు పనులు కదలాలంటే ఆ ఊరి రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్న బాస్ ట్వీడ్‌ని ప్రసన్నం చేసుకోవాల్సొచ్చింది, అదో పెద్ద పురాణం. ఓడల వాళ్ళు తెరచాపల కొయ్యలు తగులుతాయని అడ్డంపడితే ఆర్మీ ఇంజనీర్లు ఎత్తు ఇంకో 5 అడుగులు పెంచి 135 అడుగులు చేయించారు.

1869 జూన్‌లో తండ్రి జాన్ ఫెర్రీ ఘాట్ దగ్గర నిలబడి టవర్ స్థలం కొలతలు చూస్తుంటే, ఒడ్డుకి వచ్చిన పడవ తగిలి పాదం నలిగింది. వేళ్ళు తీసేశారు, ధనుర్వాతం వచ్చి జూలై 22న పోయాడు. పని ఇంకా మొదలే కాలేదు. కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్, 32 ఏళ్ళు, సివిల్ వార్‌లో పనిచేసి వచ్చినవాడు, చీఫ్ ఇంజనీరు అయ్యాడు.

మీ గైడు చెప్పనిది, నా దృష్టిలో అసలు కథ అంతా పునాదుల్లో ఉంది. మన గోదావరి బ్రిడ్జిలకి బావులు దించుతారు కదా, పైన తెరిచే ఉంటుంది, లోపల మట్టి తోడుతుంటే బావి దిగుతుంది. ఇక్కడ వాడిన కైసాన్‌కి పైన కప్పు ఉంటుంది. గ్లాసు బోర్లించి నీళ్ళలో ముంచితే లోపల గాలి ఉంటుంది చూడండి, అలాంటిదే, కాకపోతే చెక్కతో కట్టిన గ్లాసు, పొడవు 168 అడుగులు, వెడల్పు 102. లోపలికి గాలి ప్రెషర్‌తో పంపిస్తే నీళ్ళు బయటే ఉంటాయి, మనుషులు లోపల నిలబడి మట్టి, రాళ్ళు తవ్వుతారు, కప్పు మీద టవర్ రాళ్ళు పేర్చుకుంటూ పోతే ఆ బరువుకి కైసాన్ దిగుతుంది. మొదట్లో రోజుకి 2 డాలర్లు కూలి. ఉక్కపోత, కొవ్వొత్తుల మసి, మాట్లాడితే గొంతు కీచుగా వస్తుంది. 1870 డిసెంబర్‌లో ఎవరో కప్పు సందుల్లో కూరిన జనపనార దగ్గరికి కొవ్వొత్తి తీసుకెళ్తే అంటుకుంది. ప్రెషర్ గాలి కదా, మంట కప్పు దుంగల లోపలికి తొలుచుకుంటూ పోయింది, పైకి ఆరినట్టే ఉంది, లోపల రగులుతూనే ఉంది. చివరికి కైసాన్ మొత్తం నీళ్ళతో నింపాల్సొచ్చింది. తర్వాత వడ్రంగులు కాలిన బొగ్గంతా గీకి సందులు పూడ్చడానికే నెలలు పట్టింది.

బ్రూక్లిన్ వైపు 44.5 అడుగుల లోతులో గట్టి నేల తగిలింది. న్యూయార్క్ వైపు దిగేకొద్దీ ఇసుక, బయటికొచ్చిన కూలీలకి కీళ్ళు పట్టేయడం, కడుపులో మెలి, కాళ్ళు పడిపోవడం. ప్రెషర్‌లో రక్తంలో కరిగిన నైట్రోజన్ గబగబా పైకి రాగానే బుడగలు కడుతుంది, నెమ్మదిగా ప్రెషర్ తగ్గించాలి, అదే మందు. ఈరోజు అయితే ఆ లోతులో పనిచేసినవాడు బయటికి రావడానికి గంటల లెక్క, అప్పుడు నిమిషాల్లో వచ్చేసేవాళ్ళు. కంపెనీ డాక్టరు ఆండ్రూ స్మిత్ 110 కేసులు చూశాడు. మళ్ళీ కిందికి వెళ్తే నొప్పి తగ్గుతోందని ఆయన గమనించాడు కూడా, కానీ దాన్ని వైద్యంగా వాడలేదు. 1872లో మనుషులు చనిపోవడం మొదలయ్యాక వాషింగ్టన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. రాతిదాకా వెళ్ళాలంటే ఇంకెంతమంది పోతారో, ఈ ఇసుక ఎప్పటినుంచో కదల్లేదు, గట్టిగా కూరుకుని ఉంది, చాలు అని 78.5 అడుగుల దగ్గర ఆపేశాడు. అవునండీ, న్యూయార్క్ వైపు, అంటే మన్‌హాటన్ వైపు టవర్ ఇసుక మీదే ఉంది. నన్నడిగితే మొత్తం బ్రిడ్జిలో వైరు కంటే ధైర్యమైన సంగతి ఇది. కదలకుండా బిగిసి ఉన్న ఇసుక, నీటి కోతకి అందనంత లోతులో ఉంటే బ్రహ్మాండంగా మోస్తుంది, ఇప్పుడు మనకి లెక్కలున్నాయి, ఆయనకి తవ్విన మట్టి చేత్తో పట్టి చూసిన అనుభవమే ఉంది.

కూలీలకి వచ్చిన ఆ జబ్బే వాషింగ్టన్‌నీ పడగొట్టింది, ఎందుకంటే అందరికంటే ఎక్కువ లోపలికి దిగింది ఆయనే. నడవలేడు, వెలుతురు భరించలేడు, ఎక్కువసేపు ఎవరితో మాట్లాడలేడు. తర్వాత బ్రూక్లిన్ హైట్స్‌లో ఇల్లు తీసుకుని కిటికీలోంచి పని చూసేవాడు.

ఇప్పుడు ఆయన భార్య ఎమిలీ సంగతి. ఆవిడ కట్టింది అన్నా తప్పే, ఊరికే చీటీలు మోసింది అన్నా అంతకంటే తప్పు. డిజైన్ మామగారిది, భర్తది, సైటు మీద కాలింగ్‌వుడ్, మార్టిన్, పెయిన్ లాంటి గట్టి అసిస్టెంట్ ఇంజనీర్లు ఉన్నారు. కానీ ఆవిడ గణితం, మెటీరియల్స్ బలం, కేబుల్ కట్టే పద్ధతి కూర్చుని నేర్చుకుంది, భర్త చెప్పింది రాసి సైటుకి తీసుకెళ్ళేది, అక్కడివాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పేది, కాంట్రాక్టర్లతో మాట్లాడేది, ఉత్తరాలన్నీ ఆవిడ చేతిరాతే. ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు, చీఫ్ కనపడకుండా ఇన్నేళ్ళు పని నడవాలంటే మధ్యలో ఉన్న మనిషికి విషయం పూర్తిగా తెలియాలి, లేకపోతే వారం తిరక్కుండానే గందరగోళం. 1882లో ఆయన్ని తీసేయాలని ట్రస్టీలు ఓటింగ్ పెడితే 10-7తో గట్టెక్కాడు, అందులో ఆవిడ పాత్ర తక్కువేం కాదు. పూర్తయ్యాక గుర్రబ్బండిలో మొట్టమొదట దాటింది కూడా ఆవిడే, ఒళ్ళో కోడిపుంజుతో, గెలుపుకి గుర్తుగా.

1883 మే 24న ఓపెనింగ్, ప్రెసిడెంట్ చెస్టర్ ఆర్థర్ వచ్చాడు, నడిచేవాళ్ళకి ఒక సెంటు టోలు. టవర్ల మధ్య 1,595 అడుగులు, అప్పటికి ప్రపంచంలో అతి పొడవైన స్పాన్, ఖర్చు 1.5 కోట్ల డాలర్ల దాకా అయింది. వారం తిరక్కుండానే మెట్ల దగ్గర తొక్కిసలాటలో 12 మంది పోయారు. మరుసటి ఏడు బార్నమ్ సర్కస్ వాళ్ళు 21 ఏనుగుల్ని దాటించారు, జనానికి ధైర్యం వచ్చిందంటారు, సర్కస్‌కి పబ్లిసిటీ వచ్చిందని నేనంటా. రెండు ఊళ్ళు మాత్రం నిజంగానే కలిసిపోయాయి. 1894 ఓటింగ్‌లో బ్రూక్లిన్ వాళ్ళు కలవడానికి ఒప్పుకున్నది 277 ఓట్ల తేడాతో, 1898లో కలిశాయి. అయిష్టంగా కలిసినవాళ్ళ మనవలు ఇప్పటికీ ఎక్కడుంటారంటే న్యూయార్క్ అనరు, బ్రూక్లిన్ అంటారు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. 6 రెట్లు, 5 రెట్లు అని విని ఇది ఎప్పటికీ ఉంటుందనుకోకండి. ఆ లెక్క కొత్త వైరుకి, అప్పటి బరువుకి. తర్వాత రైళ్ళు 1944లో, ట్రాములు 1950లో తీసేశారు, 1954కల్లా ఆరు లేన్ల కార్ల రోడ్డు అయింది, లారీలు ఈరోజుకీ ఎక్కనివ్వరు. 1981లో ఏటవాలు స్టేలు రెండు తెగిపడి కింద నడుస్తున్న మనిషి చనిపోయాడు, తుప్పు వల్ల. పెద్ద కేబుళ్ళకి మార్జిన్ ఉందని చిన్నవాటిని పట్టించుకోకపోతే ఇలాగే అవుతుంది. 2025 మేలో మెక్సికో నేవీ తెరచాప ఓడ బ్రిడ్జికి తగిలి దాని కొయ్యలు విరిగిపోయాయి, ఇద్దరు చనిపోయారు, బ్రిడ్జికి పెద్దగా ఏం కాలేదు.

హేగ్ వైరు చూడొచ్చా అని చివర్లో అడిగారు, చూడలేరు, చుట్టు వైరు కింద మిగతా వాటితో కలిసి ఉంటుంది, విప్పినా కంటికి తేడా తెలీదు. ఈసారి వస్తే బ్రూక్లిన్ వైపు నుంచి పొద్దున్నే ఎక్కండి, ఎదురుగా మన్‌హాటన్ కనిపిస్తూ ఉంటుంది. ఫోటోల హడావుడిలో పడకుండా టవర్ దగ్గర ఆగి తల పైకెత్తితే నిలువు తాళ్ళనీ ఏటవాలు స్టేలనీ విడిగా గుర్తుపట్టొచ్చు, అవి ఒకదాన్నొకటి దాటే చోట కట్టిన ముడులు కూడా కనిపిస్తాయి. టవర్ మీద ఎమిలీ పేరుతో ఫలకం ఉంది, చాలామంది చూడకుండానే దాటేస్తారు. సైకిళ్ళకి 2021 నుంచి కింద రోడ్డు మీద వేరే లేన్ ఇచ్చారు కాబట్టి పైన నడిచే దారిలో ఇప్పుడు సైకిళ్ళ బెడద లేదు.